తోడు నంబరు

తాళాలాయన తాళాలతో మాట్లాడతాడన్న సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. మొరాయించిన తాళంకప్పని వైస్‌లో బిగించి, సన్నటి కడ్డీ లోపలికి పోనిచ్చి, "ఏంటమ్మా నీ బాధ? కొంచెం జరుగు. ఆఁ, అలాగ" అంటూ బుజ్జగిస్తుంటాడు. ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే ఆవిడ ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది.

"అన్నయ్యగారూ, ఇనుముతో ఆ కబుర్లేంటండీ?"

"వీటికి చెవులున్నాయి కదమ్మా! తాళంచెవి అని ఊరికే అంటారా? మనుషులకీ ఉన్నాయి చెవులు, ఏం లాభం?"

జవాబు బాగానే ఉంది. కానీ అసలు సంగతి అది కాదు. మాట్లాడటానికి ఆయనకి ఇంకెవరూ లేరు.

షాపు ఒక తలుపంత వెడల్పు. గోడ నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. ముందు చెవులు చెక్కే మిషను, పక్కన ఆకురాళ్ళు, వెనక ఒక గది. గదిలో రెండు మంచాలు. ఒకటి ఆయనది, రెండోది వాళ్ళన్నయ్యది. అన్నయ్య పోయి చాలాకాలమైనా ఆ మంచం మీద దుప్పటి మారుతూనే ఉంటుంది. ఎందుకు మారుస్తున్నావని అడిగే దిక్కు లేదు కనక ఆయన చెప్పాల్సిన పనీ లేదు.

షాపు పెట్టింది అన్నయ్యే. పని నేర్పిందీ ఆయనే. తమ్ముడికి నెత్తిన వెంట్రుకలు నెరిసినా "ఒరే చిన్నోడా" అనే పిలిచేవాడు. ఒకరోజు అన్నయ్య చేతిలోంచి ఆకురాయి జారిపడింది. మర్నాడు మళ్ళీ జారింది. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. చెయ్యి చిక్కిపోయింది, కాళ్ళు చిక్కిపోయాయి, చివరికి మింగడం కూడా కష్టమైంది. కండలు కరిగిపోయే జబ్బు, మందు లేదన్నారు. అన్నయ్యని ఎత్తి కూర్చోబెట్టడం, తినిపించడం, ఒళ్ళు తుడవడం అన్నీ తమ్ముడే చేశాడు. ఆ చాకిరీలో పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, తర్వాత ఎత్తడానికి ఎవరూ మిగల్లేదు. ఇప్పుడు వీధంతా ఆయన్ని అన్నయ్యగారూ అని పిలుస్తుంది. చిన్నోడా అని పిలిచేవాడు ఈ భూమ్మీద ఒక్కడూ లేడు. పెద్దరికం అంటే ఇదే కాబోలు, దాన్ని తీసుకెళ్ళి గంగలో కలపాలి.

ఆయన వృత్తే అలాంటిది. చెవి పోగొట్టుకుని గుమ్మం ముందు నిలబడినవాళ్ళు ఆయన రాగానే దేవుడొచ్చినట్టు చూస్తారు. తాళం తెరుచుకున్న మరుక్షణం అందరూ బిలబిలమంటూ లోపలికి పోతారు. లోపల లైటు వెలుగుతుంది, పిల్లలు గంతులేస్తారు, తెరిచినవాడు మాత్రం గుమ్మం బయట సామాను సర్దుకుంటూ ఉంటాడు. పాపం వాళ్ళ తప్పేం లేదు. తాళం తీసినవాణ్ణి భోజనానికి ఉండమంటారా ఎవరైనా?

రోజుకోసారి ఆయనతో తీరిగ్గా మాట్లాడే మనిషి ఒక్క జిరాక్స్ ఆవిడే. మాట్లాడటం అంటే పోట్లాట. చెవులు చెక్కే మిషను పొడి గాలికి ఎగిరి తన మిషను అద్దం మీద పడుతోందనీ, కాపీలన్నీ చుక్కలు చుక్కలుగా వస్తున్నాయనీ ఆవిడ రోజూ వీధి మధ్యకొచ్చి తగువు పెట్టుకునేది. "నా మిషను మీకంటే ముందు నుంచీ ఉందమ్మా" అని ఈయన. "అయితే దాన్నే కాపురం చేయమనండి ఈ వీధిలో" అని ఆవిడ. ఆ తగువు అయ్యాక ఆయనకి పొద్దు తేలిగ్గా గడిచేది.

ఇలా ఉండగా ఒకరోజు చెక్కుతున్న తాళంచెవి ఆయన వేళ్ళ మధ్య నుంచి జారి కింద పడింది.

చేతులు చెమట పట్టాయనుకున్నాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ జారింది. కొన్నాళ్ళుగా బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. పొద్దున్నే లేచేసరికి మొద్దుబారి ఉంటున్నాయి, విదిలిస్తే గాని ప్రాణం రావడం లేదు. అది మామూలేలే అనుకున్నాడు. కానీ వస్తువు జారడం మామూలు కాదు. కిందపడ్డ చెవిని తీయకుండా దాని వంక చూస్తూ కూర్చున్నాడు. అన్నయ్యకి మొదలైంది ఇలాగే.

చావంటే భయం లేదు ఆయనకి. మంచాన పడటమంటే భయం. అన్నయ్యకి తనున్నాడు. తనకెవరున్నారు?

చాలా తాత్సారం చేశాక ఆస్పత్రికి వెళ్ళాడు. నరాల డాక్టరమ్మ చెయ్యి తిప్పి చూసింది, మణికట్టు మీద వేలితో తట్టింది, బొటనవేలు పైకెత్తి పట్టుకోమని కిందికి నొక్కింది. అన్నయ్య సంగతంతా విన్నది.

"మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయినట్టు అనిపిస్తోందండీ. అదైతే బాగుచెయ్యొచ్చు. కానీ మీ అన్నగారి జబ్బు చెప్పారు కాబట్టి అది కాదని తేల్చుకుందాం. కొంచెం కరెంటు పెట్టి నరం ఎంత వేగంగా పనిచేస్తోందో చూస్తాం, తర్వాత సన్నటి సూది పెట్టి కండ ఎలా ఉందో వింటాం."

వినేదేమిటో ఆవిడ చెప్పక్కర్లేదు. ఆ చప్పుడు ఆయనకి తెలుసు.

అన్నయ్యకి ఆ పరీక్ష చేసిన రోజు ఆయన తలుపు బయట నిలబడ్డాడు. లోపల డాక్టరు "చెయ్యి వదిలేయండి, పూర్తిగా వదులుగా వదిలేయండి" అంటున్నాడు. అన్నయ్య వదిలేసే ఉన్నాడు. అయినా మిషనులోంచి రేకుల మీద చినుకులు పడుతున్నట్టు టపటపమని ఒకటే చప్పుడు. బాగుందే వాన అనుకున్నాడు పిచ్చి తమ్ముడు. తర్వాత డాక్టరు చెప్పాడు, వదులుగా ఉన్న కండ చప్పుడు చేయకూడదని. ఆ వాన ఆయన చెవిలో ఇప్పటికీ పడుతూనే ఉంది.

పరీక్షకి రాసిచ్చాక కౌంటరు దగ్గర కుర్రాడు తల ఎత్తకుండా అడిగాడు.

"తోడు ఎవరండీ?"

"ఎవరూ రాలేదు."

"రాకపోతే పర్లేదు, తోడు నంబరు కావాలి. ఇంట్లోవాళ్ళది."

వెనక వరస పెరుగుతోంది. ఆయన నోట్లోంచి ఒక నంబరు గడగడా వచ్చేసింది. ఆయనకి నోటికొచ్చిన నంబరు అదొక్కటే, అన్నయ్యది. ఆ ఫోను వెనక గదిలో అన్నయ్య మంచం పక్కన ఇంకా ఉంది. ఆగిపోకుండా రీచార్జి చేయిస్తూ, వారానికోసారి చార్జింగు పెడుతూ వస్తున్నాడు. దానికి ఫోన్ చేసేవాళ్ళు లేరు. అయినా స్విచాఫ్ అయిపోతే ఏదో తప్పు చేసినట్టుంటుంది ఆయనకి.

మర్నాడు ఆ ఆస్పత్రి చీటీ కాపీ తీయించుకోవడానికి ఎదురు షాపుకి వెళ్ళాడు.

"ఏంటండీ ఇది, ఆస్పత్రా?" అంది ఆవిడ.

"ఆఁ. ఏం లేదు, కరెంటు పెట్టి చూస్తారట."

ఆవిడ చెయ్యి మిషను మూత మీదే ఆగిపోయింది. కరెంటు పెట్టడం అంటే ఆవిడకి తెలిసింది ఒకటే. పిచ్చెక్కిన వాళ్ళకి పెడతారు. తాళాలతో కబుర్లాడే మనిషి, ఒంటరిగా రెండు మంచాల గదిలో ఉండే మనిషి! ఆవిడకి అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. అన్నీ తప్పుగానే.

"అయ్యో... జాగ్రత్తండీ అన్నయ్యగారూ" అంది. అంత మెత్తటి గొంతు ఆవిడకి ఉందని ఆయనకి అప్పటిదాకా తెలీదు.

ఆ రోజు నుంచి తగువు ఆగిపోయింది. కావాలని మిషను పొడి వీధిలోకి ఎగిరేలా పెట్టి చూశాడు. ఆవిడ చడీచప్పుడూ లేకుండా గుడ్డతో అద్దం తుడుచుకుంది. చూపులు కలిస్తే చంటిపిల్లాణ్ణి చూసి నవ్వినట్టు నవ్వింది. తనకేదో అయిందని ఈవిడ కూడా కనిపెట్టేసింది కాబోలు, లేకపోతే ఈ జాలి ఎందుకు అనుకున్నాడు. ఆ కాస్త తగువూ పోయాక రోజంతా ఆయన గొంతు ఆయనకే వినిపించసాగింది.

పరీక్ష రోజు పొద్దున తలంటుకోలేదు గాని చేతులు సబ్బుతో శుభ్రంగా కడిగాడు. నూనె, క్రీము ఏదీ రాయొద్దన్నారు. మోచెయ్యి దాటి మడిచేందుకు వీలుగా వదులు చొక్కా వేసుకున్నాడు. ఉంగరం లేదు, వాచీ తీసేశాడు. మామూలుగా తినే రమ్మన్నారు గాని ముద్ద దిగలేదు.

గది చిన్నది. ఒక బల్ల మంచం, పక్కన చక్రాల బండి మీద తెర ఉన్న మిషను, దానికి జడల్లా వేలాడే తీగలు. ల్యాబ్ అమ్మాయి ముందు ప్రశ్నలడిగింది. గుండెకి మిషను ఏమైనా పెట్టారా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? లేదు, లేదు. ఆ తర్వాత ఆయన చెయ్యి అందుకుని ఉలిక్కిపడింది.

"ఇంత చల్లగా ఉన్నాయేంటండీ మీ చేతులు!"

"ఇనుము పనమ్మా."

"చల్లటి చేతిలో నరం బద్ధకిస్తుందండీ. లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. ముందు వెచ్చబెడదాం."

వేడినీళ్ళ సంచీ చేతి మీద పెట్టింది. అది చాలక, మణికట్టు కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి వేసి కాసేపు అలాగే పట్టుకుంది. ఆ పిల్లకి అది పని. మొహం గోడ మీద గడియారం వైపుంది. ఆయన మాత్రం ఆ చేతుల వంకే చూస్తున్నాడు. అన్నయ్యని ఎత్తి కూర్చోబెట్టినప్పుడు అన్నయ్య ఆయన చెయ్యి పట్టుకునేవాడు. ఆ తర్వాత ఈ చేతిని పట్టుకున్న మనిషి లేడు. ఇంకొంచెంసేపు వెచ్చబడకుండా ఉంటే బాగుండునని సిగ్గులేకుండా అనుకున్నాడు.

చెయ్యి వెచ్చబడింది. అమ్మాయి వేళ్ళకి తీగ ఉంగరాలు తొడిగి, అరచేతికి బిళ్ళలు అంటించి, టేపుతో కొలిచి పెన్నుతో గీతలు పెట్టింది.

"కొంచెం జిల్లుమంటుందండీ. భయపడకండి, మీరు కదపకపోయినా వేలు దానంతటదే కదులుతుంది."

జిల్లుమంది. తడిచేత్తో స్విచ్ ముట్టుకున్నట్టు ఒక్క గుంజు గుంజి వదిలేసింది. బొటనవేలు ఆయన్ని అడక్కుండా ఎగిరిపడింది. మళ్ళీ గుంజింది. కొన్ని చిన్నవి, కొన్ని మోచేతి దాకా ఝాడించేవి. నొప్పి కంటే చికాకు ఎక్కువ. మధ్యలో "ఇంకా ఉందా?" అని అడిగితే "అయిపోవచ్చిందండీ" అంది. అయిపోవచ్చిందంటే ఇంకా చాలా ఉందని ఏ వృత్తిలోనైనా అర్థం. ఆయన కూడా గుమ్మాల ముందు నిలబడ్డవాళ్ళకి అదే చెబుతాడు.

తర్వాత డాక్టరమ్మ సూదితో వచ్చింది. సన్నటి సూది, దాంట్లో కరెంటు ఉండదనీ, అది ఊరికే వింటుందనీ చెప్పింది. బొటనవేలి కింద మెత్తటి చోట గుచ్చింది. చురుక్కుమంది.

"ఇప్పుడు చెయ్యి వదిలేయండి. పూర్తిగా వదులుగా."

ఆయన వదిలేశాడు. ఊపిరి కూడా వదిలేశాడు. ఇన్నేళ్ళుగా ఆయన నిశ్శబ్దాన్ని తిట్టుకుంటూ బతికాడు. గదిలో చప్పుడు ఉండాలని వినకపోయినా రేడియో పెట్టేవాడు. ఇప్పుడు మాత్రం, నీకు దణ్ణం పెడతాను, చప్పుడు చేయకు అని తన చేతిని తనే వేడుకున్నాడు.

టప్.

కాసేపు ఆగి, టప్, టప్.

చినుకులు. పెద్ద వాన కాదు గాని చినుకులే. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"బిగించండి. బొటనవేలు పైకి." బిగిస్తే గరగరమని చప్పుడు లేచింది. ఆవిడ సూది తీసింది. మోచేతి కింద గుచ్చింది. "వదిలేయండి." ఏ చప్పుడూ లేదు. భుజంలో గుచ్చింది. లేదు. పిక్కలో. లేదు.

"సౌండు పెట్టే ఉంచారా అమ్మా?" అన్నాడు ఆయన. గొంతు కీచుగా వచ్చింది.

"పెట్టే ఉంది. కావాలంటే కాలు బిగించండి." బిగించాడు. మిషను హోరెత్తింది. వదిలాడు. ఆగిపోయింది. అంతకంటే గొప్ప పాట ఆయన ఎన్నడూ వినలేదు. కానీ బొటనవేలి దగ్గర పడిన చినుకులో? అడగబోయాడు, ఈలోగా ఆవిడ లేచింది.

"అన్నీ కలిపి చూసి రేపు ఫోన్ చేయిస్తాను. సూది గుచ్చిన చోట్ల ఒకరోజు నొప్పిగా ఉంటుంది, అంతే" అని డాక్టరమ్మ చేతులు తుడుచుకుంది.

ఆ పూట షాపు తెరవలేదు. మర్నాడు తెరిచాడు గాని పని ముట్టుకోలేదు. ఫోను మిషను పక్కనే పెట్టుకుని దాని వంక చూస్తూ కూర్చున్నాడు. అది మోగలేదు. మధ్యాహ్నం దాటాక వెనక గదిలో మోగింది.

ఆ మోత విని మొదట అర్థం కాలేదు. పాతకాలం గంట మోత. అన్నయ్య షాపు ముందు కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకున్న ఫోను మోత. ఆయన లోపలికి వెళ్ళాడు. ఎదురు షాపులో ఆవిడ కూడా తలెత్తింది. ఆ మోత ఆవిడకీ గుర్తే.

"నరాల విభాగం నుంచండీ. పేషెంటు తోడు నంబరు కదండీ ఇది? చీటీ మీద ఇదొక్కటే ఉంది. మీరేమవుతారు?"

నేనే పేషెంటునమ్మా అనాలి. అందామనే నోరు తెరిచాడు.

"అన్నయ్యనండి" అన్నాడు.

"మీ తమ్ముడుగారి రిపోర్టు వచ్చిందండీ. కంగారుపడాల్సిన జబ్బు కాదని డాక్టరుగారు చెప్పమన్నారు. మణికట్టు దగ్గర నరం బాగా నొక్కుకుపోయింది. బొటనవేలి దగ్గర వచ్చిన చప్పుడు కూడా దానివల్లే. మిగతా కండలన్నీ బాగున్నాయి."

"ఆ పెద్ద జబ్బు..."

"లేదండీ. అది కాదు."

ఆయన అన్నయ్య మంచం మీద కూలబడ్డాడు. మీ తమ్ముడుగారు అన్న మాట చెవిలో గింగురుమంటోంది. తను ఒకరికి తమ్ముడు. ఎన్నాళ్ళకి విన్నాడు ఆ మాట!

"మా వాడు... భయపడి చచ్చాడండీ" అన్నాడు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

"చెప్పండి ఆయనకి, భయం లేదని. చిన్న ఆపరేషన్ చేసి నరాన్ని వదులు చేస్తారు. ఆ రోజు మాత్రం తోడు ఖచ్చితంగా ఉండాలండీ, లేకపోతే చేయరు. మీరొస్తారు కదా?"

ఆయన మంచం మీది దుప్పటి ముడతలు సరిచేయసాగాడు.

"హలో? వస్తారు కదండీ?"

"నేను రాలేనండి."

"అదేంటండీ, సొంత అన్నగారయ్యుండి..."

"రావాలనే ఉంటుందండీ వాడికోసం. రాలేను."

సరే ఎవరినో ఒకరిని చూసుకోమనండి అని అవతలి అమ్మాయి ఫోను పెట్టేసింది. ఆయన తల తిప్పేసరికి గది గుమ్మంలో జిరాక్స్ ఆవిడ నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. కరెంటు పెట్టినా తగ్గలేదని ఆవిడ నిర్ధారణకొచ్చేసింది.

"అన్నయ్యగారూ, మీ అన్నగారు పోయారండీ" అంది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

"తెలుసమ్మా. తోడు నంబరు అడిగారు. నా దగ్గర ఉన్న నంబరిచ్చాను."

"మరి ఆ కరెంటు..."

"చేతికి! తిమ్మిరికి! నరం పరీక్షమ్మా అది. ఏమనుకున్నారు మీరు?"

ఆవిడ చూపు ఆయన తల మీంచి చేతి మీదికి దిగింది. ఏమనుకుందో ఆయనకి అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళ మెత్తదనం ఆవిడ మొహంలోంచి దిగిపోయి, దాని చోట పాత కోపం బుసబుసా పొంగింది.

"ఇన్నాళ్ళూ నా అద్దం నిండా మీ పొడి పోస్తుంటే నోరుమూసుకుని తుడుచుకున్నాను కదండీ! పిచ్చిదాన్ని నేను! ఎదురుగా మనిషిని పెట్టుకుని చచ్చిపోయినాయన నంబరిస్తారా? నా బోర్డు మీద నంబరు ఇంతింత అక్షరాలతో రాయించి లేదూ? ఇటివ్వండి ఆ ఫోను."

లాక్కుని, ఇందాక ఆస్పత్రి నుంచి వచ్చిన నంబరుకే తిరిగి చేసింది.

"ఇందాక మాట్లాడారు కదా, తాళాలాయన ఆపరేషన్. తోడు నేనొస్తాను, నా నంబరు రాసుకోండి... ఏమవుతానా?" గుమ్మంలోంచి తన బోర్డు వంక చూసింది. "ఎదురు షాపండీ. ఎదురు షాపంటే ఎదురు షాపే! రోజూ పోట్లాడుకుంటాం. చాలదా?... ఆఁ, ఆ పాత నంబరు కొట్టేయండి. దాంతో ఇక పనిలేదు."

నంబరు చెప్పి, ఫోను ఆయన చేతిలో పెట్టి, మిషనుకి అడ్డంగా రేపే ఒక పట్టా కట్టకపోతే ఊరుకునేది లేదని హెచ్చరించి వెళ్ళిపోయింది.

ఆయన చాలాసేపు ఆ ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ మంచి మాటే చెప్పింది, పాత నంబరు కొట్టేయించింది. ఇక ఆ ఫోను మోగడానికి కారణమంటూ ఏదీ లేదు. మీ తమ్ముడుగారు అంటూ ఎవరూ ఫోను చెయ్యరు.

"విన్నావుగా, నాకేం లేదట" అన్నాడు, ఖాళీ మంచంతో. వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. చార్జరు పిన్ను ఒకటికి రెండుసార్లు జారిపోయింది. ఎడమ చేత్తో పట్టుకుని దాన్ని ఎలాగో ఎక్కించి, ఫోను చార్జింగుకి పెట్టాడు.